ఆదివారం మచ్చ

పోయిన వారం మా వంటింటికి కొలతలు తీసుకోవడానికి ఒక అమ్మాయి వచ్చింది. మాడ్యులర్ కిచెన్ వాళ్ళు పంపించారు. తెలుగువాళ్ళ పిల్లే గాని భిలాయిలో పుట్టి పెరిగింది కాబట్టి తెలుగులో మొదలుపెట్టి హిందీలో తేలుతుంది. చేతిలో టార్చిలైటు లాంటి పరికరం ఒకటి ఉంది. దాన్ని ఈ గోడకి ఆనించి నొక్కితే ఆ గోడ మీద ఎర్రచుక్క పడుతుంది, కొలత దానంతటదే వచ్చేస్తుంది. ఇలాంటిది అప్పట్లో నా చేతిలో ఉంటే ఇంత కథ జరిగేది కాదు కదా అనుకుంటూ పక్కన నిలబడి చూస్తున్నాను.

గట్టు కుడివైపు చివరికి వచ్చేసరికి ఆ అమ్మాయి ఆగింది. అక్కడ నల్ల గ్రానైటు అయిపోతుంది. దానికీ గోడకీ మధ్య అరచేయి వెడల్పున తెల్లటి రాతిముక్క ఒకటి ఉంటుంది. దాని మీద ఒక మచ్చ.

"అంకుల్, యే క్యా హై? డిఫెక్టా?"

"డిఫెక్టు నేనమ్మా. అది రిపేరు," అన్నాను.

నవ్వి, ఎవరు చేశారని అడిగింది. మా తోడల్లుడు అన్నాను. తోడల్లుడంటే తెలియలేదు. సాఢూ భాయి అని చెప్పాల్సి వచ్చింది. "అయితే అంకుల్, ఆయన్ని అడగండి, ఇది ఈజీగా వస్తుందా, తోడ్‌నా పడేగా?" అంది, పగలగొట్టాలా అని. ఆయన మొన్న వానాకాలంలో పోయారని చెప్పాను. పాపం, ఆ పిల్ల పరికరం కిందికి దించేసింది.

తోడల్లుళ్ళ సంగతి తెలిసిందే. ఒకే అత్తవారింటికి ఇద్దరు అల్లుళ్ళు వెళ్ళినప్పుడు పైకి అన్నదమ్ముల్లా కబుర్లాడుతూ, అవతలివాడి విస్తట్లో గారెలు ఎన్ని పడ్డాయో ఓరకంట చూసుకుంటారు. నేను స్టీలు ప్లాంటు రైల్ మిల్లులో ఇంజినీర్ని. ఆయన నందిని సున్నపురాయి గనుల్లో క్రషర్ దగ్గర ఫోర్‌మాన్. మా అత్తగారు నన్ను ఇంజినీరు అల్లుడనీ, ఆయన్ని రాళ్ళల్లుడనీ అనేవారు. నేను ఆ మాటకి లోలోపల పొంగిపోయేవాణ్ణి. తమాషా ఏమిటంటే ఆయన నాకంటే ఎక్కువ పొంగిపోయేవాడు.

ఆయనకి ఒక అలవాటు ఉండేది. కనబడినదాన్నల్లా వేలి కణుపుతో తట్టి చెవి ఒగ్గి వినేవాడు. గనిలో రాయి లోపల బీట ఉందో లేదో అలా తట్టి చూసేవారట. ఆ అలవాటు చేతికి అంటుకుపోయి, తలుపులు, పుచ్చకాయలు, కొత్త బీరువాలు, ఊరెళ్ళేవాళ్ళ సూటుకేసులు, అన్నిటినీ తట్టేవాడు. తట్టి ఒకటే మాట. పలికింది, లేదా పలకలేదు. అంతకి మించి పరీక్ష లేదు, అప్పీలు లేదు.

నన్ను మొట్టమొదట చూసింది పెళ్ళి మాటలప్పుడు. పెద్దల్లుడి హోదాలో మా ఇంటికి వచ్చాడు. నేను బుద్ధిగా నమస్కారం పెడితే, అందరూ చూస్తుండగా నా రొమ్ము మీద టకటకా తట్టి, "కాస్త బోలుగానే పలుకుతన్నాడు గానీ పర్లేదు మావయ్యా, పోను పోను నిండుతాడు," అన్నాడు మా కాబోయే మామగారితో. ఇంకా నిండలేదనే మా ఆవిడ ఉద్దేశం.

వచ్చినప్పుడల్లా సీతాఫలాలు తెచ్చేవాడు. ఎప్పుడూ పచ్చివే. బియ్యం డ్రమ్ములో పెట్టి ఫలానా రోజున తీయాలని చెప్పేవాడు. ఆ రోజున తీస్తే కుళ్ళి ఉండేవి. ఆ మాట చెబితే బియ్యం మంచివి కావనేవాడు. ఆయన తప్పు ఒప్పుకోవడం నేనెన్నడూ వినలేదు. ఈ విషయంలో నాకూ ఆయనకీ పోటీ గట్టిగానే ఉండేది.

ఇక గట్టు సంగతి. రిటైరయ్యే ముందు వైశాలి నగర్‌లో ఇల్లు కట్టుకున్నాం. అన్నాళ్ళూ ప్లాంటు క్వార్టర్లలోనే కాపురం. మా ఆవిడకి కొత్త ఇంటి గురించి ఉన్న కోరిక ఒక్కటే. వంటింటి గట్టు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకే రాయి కావాలి, మధ్యలో అతుకు ఉండకూడదు. క్వార్టర్ల గట్లన్నీ ముక్కలు ముక్కలుగా అతికినవే. ఆ సందుల్లో పేరుకున్న జిడ్డుని పాత బ్రష్షుతో గోకి గోకి ఆమె వయసు సగం అయిపోయింది. పూజగది చిన్నదైనా ఏమీ అనలేదు, మెట్లు ఇరుకైనా ఏమీ అనలేదు. "రాయి మాత్రం ఒకటే ఉండాల, ఏటి?" అని రోజూ అడిగేది. రోజూ సరేననేవాణ్ణి.

కొలత తీయడానికి తోడల్లుడు టేపు జేబులో వేసుకుని నందిని నుంచి వస్తానన్నాడు. రాయి సంగతి మీది, కొలత సంగతి నాది అని ఫోన్లోనే చెప్పేశాను. రైళ్ళు పరిగెత్తే పట్టాలు కొలిచినవాణ్ణి, గట్టు కొలవలేనా?

కొలిచాను. సరిగ్గానే కొలిచాను, అది ఇప్పటికీ చెబుతాను. కొలిచాక బుర్ర ఉపయోగించడం వల్లే వచ్చింది చిక్కు. పట్టాకీ పట్టాకీ మధ్య సందు లేకపోతే ఎండకి సాగి వంకర పోతాయని కొత్తగా చేరినవాళ్ళకి పాఠాలు చెప్పినవాణ్ణి. పొయ్యి పక్కన రాయి వేడెక్కదా? వేడెక్కితే సాగదా? సాగితే గోడని తన్నదా? అందుకని రెండు వైపులా సందు వదిలాను. గోడలకి పలకలు అంటించాలి కదా అని వాటికి కొంత వదిలాను. కోతలో తేడా వస్తే ఉంటుందని ఇంకొంత వదిలాను. ప్లాంటులో దేనికైనా మార్జిన్ ఉంచుతాం. నేను మార్జిన్‌కి మార్జిన్ ఉంచాను. రాళ్ళ దుకాణం వాడు కాగితంలో పొడుగు చూసి, "సాబ్, ఇత్నా కమ్?" అని అడిగాడు కూడా. "ఇంజినీరింగ్ హై భయ్యా," అన్నాను.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. మా మిల్లులోనే పట్టాలని సందు లేకుండా అతికి పొడుగ్గా పంపించడం మొదలై చాలా ఏళ్ళయింది. పట్టాలకే అక్కర్లేని సందు మా వంటింట్లో మిగిలింది.

మేస్త్రి రాయిని ఎడమ గోడకి నెట్టి, కింద సిమెంటు పోసి, వెనక పలకలు కూడా అంటించేసి వెళ్ళిపోయాడు. నేను వదిలిన సందులన్నీ కలిసి కుడివైపు ఒక్కచోట తేలాయి. ఇప్పుడు రాయిని పీకితే ముక్కలవుతుంది, పలకలు ఊడతాయి. గృహప్రవేశం మీద పడింది. అసలు అలాంటి రాయే దుకాణంలో అయిపోయింది.

మా ఆవిడ వచ్చి చూసింది. గరిట ఒకటి తీసి ఆ సందులో వదిలింది. అది కింద అరలో పడి ఖంగుమంది. "మీ రైలు ఎన్నింటికండీ?" అని అడిగి, ముందు గదిలోకి వెళ్ళి కూర్చుంది. మళ్ళీ వంటింట్లోకి రాలేదు. ఆ రోజు ఆమె ముఖం చూడలేక నేను డాబా ఎక్కి నీళ్ళ ట్యాంకు పరీక్షించాను. ట్యాంకు బాగానే ఉంది.

మర్నాడే తోడల్లుడు దిగాడు. వంటింట్లోకి వెళ్ళి గ్రానైటుని ఈ చివర నుంచి ఆ చివర దాకా తట్టుకుంటూ నడిచాడు. సందు దగ్గర ఆగాడు. అందులో చేయి పెట్టి చూసుకున్నాడు.

"రాయి పలికింది. కొలిచినోడే పలకలేదు," అన్నాడు.

"వ్యాకోచం కోసం వదిలానన్నయ్యా," అన్నాను.

"ఎవరిది, నీదా?" అని నా పొట్ట తట్టాడు.

రెండు రోజులు పోయాక స్కూటర్ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని నందిని రాయి ముక్క ఒకటి తెచ్చాడు. రిటైరైనప్పుడు గని నుంచి గుర్తుగా తెచ్చుకున్నదట, అన్నాళ్ళూ మంచం కింద ఉందట. దాన్ని పొద్దుటి నుంచి పొద్దు గూకేదాకా ఉలితో చెక్కి, రుద్ది, ఆ సందులో బిగించాడు. నల్లటి గట్టు చివర తెల్లటి ముక్క, జుట్టుకి వేసిన రంగు చివర్లో అయిపోయినట్టు ఉంది. అతుకే వద్దన్న మా ఆవిడకి ఇటొకటి, అటొకటి, రెండు అతుకులు వచ్చాయి.

"ఏటి మరదలా, అలగ చూస్తావు? మా రాయి కొలిమిలో పడకపోతే మీ ఆయనకి ఇనుమే లేదు. ఇనుము లేకపోతే పట్టా లేదు, పట్టా లేకపోతే ఈయన ఉద్యోగం లేదు, ఈ ఇల్లూ లేదు. అలాటి రాయి నీ ఇంట్లో పెట్టీసాను," అన్నాడు.

ఆమెకి నవ్వు ఆగలేదు. సందు కనబడ్డాక ఆమె వంటింట్లో నవ్వడం అదే మొదలు.

ఇంతకీ, గనుల్లోనే జుట్టు నెరిసిన మనిషి ఒక చిన్న విషయం మరిచిపోయాడు. సున్నపురాయికి పులుపు పడదు. గృహప్రవేశం నాడు పాలు పొంగి దాని మీదుగా కారితే అందరూ శుభమన్నారు. మధ్యాహ్నం పులిహోరకి నిమ్మకాయలు పిండుతుంటే నాలుగు చుక్కలు దాని మీద పడ్డాయి. రాయి సన్నగా బుసబుసలాడింది. తుడిచేసరికి మెరుపు పోయి మచ్చ తేలింది. నా ప్రాణం లేచొచ్చింది. కనీసం ఇప్పుడైనా ఆయన తప్పు అనడానికి ఒకటి దొరికింది.

అందరినీ పిలిచి చూపించాను. ఆయన వంగి చూసి, తల పైకెత్తి, "నీ గ్రానైటు మీద పోసి చూడు, ఉలుకూ పలుకూ ఉండదు. ఇది బతికున్న రాయి తమ్ముడూ, పులుపు తగిలితే తెలుస్తాది," అన్నాడు. మళ్ళీ వారం కొబ్బరినూనె డబ్బాలో రెండు సానరాళ్ళు, ఉన్నిగుడ్డ ముక్క వేసుకుని వచ్చి, నీళ్ళు చల్లి రుద్ది మచ్చ పోగొట్టాడు. ఆ డబ్బా సింకు కింద పెట్టి వెళ్ళాడు. పులుసులూ పులిహోరలూ లేని తెలుగు వంటిల్లు ఉండదు కాబట్టి మచ్చలూ ఆగలేదు, ఆయన రావడమూ ఆగలేదు.

తరువాతి ఏడు మా వదినగారు పోయారు. వాళ్ళకి పిల్లలు లేరు. ఆయన నందిని వదిలేసి మా ఊళ్ళోనే మరోదా అనే పేటలో రెండు గదుల ఇంట్లో ఒక్కడూ ఉండేవాడు. మా దగ్గరికి వచ్చేయమంటే వినలేదు. పోనీ భోజనానికైనా రండి అంటే, పిలిస్తే వచ్చేవాడు కాదు.

ఆయనకి మొదటి నుంచీ ఒక పట్టింపు. "చెయ్యి తడవకుండా మూతి తడపకూడదు" అనేవాడు. ఎవరింటికి వెళ్ళినా ఏదో ఒక పని చేస్తే గాని పళ్ళెం ముందు కూర్చునేవాడు కాదు. పెళ్ళిళ్ళకి వెళ్తే మంచినీళ్ళు వడ్డించి మరీ తినేవాడు. భార్య ఉన్నన్నాళ్ళూ అది మాకు వేడుకగా ఉండేది. ఆమె పోయాక అదే గండమైంది. ఒంటరి మనిషి, మరదలి చేతి కూడు ఊరికే తింటున్నాడని ఎవరో అంటారని కాదు. తనకి తానే అనుకుంటాడు.

ఒక ఆదివారం ఆయనే వచ్చాడు. మా ఆవిడ పొద్దున్నే లేచి అరటికాయ ఆవపెట్టి వండింది. అది ఆయనకి ప్రాణం. ఆయన నేరుగా వంటింట్లోకి వెళ్ళి రాయి చూశాడు. ఆ వారం రాయి అద్దంలా ఉంది. ఎందుకుండదు? మచ్చలు పడకుండా నేనే దాని మీద రబ్బరు షీటు పరిచాను. పులుపుకీ సున్నపురాయికీ ఎందుకు పడదో మా ఆవిడకి పాఠం కూడా చెప్పాను.

ఆయన షీటు ఎత్తి చూశాడు. ఒకసారి తట్టాడు. కుళాయి తిప్పి చూశాడు, కారడం లేదు. ఫ్యాను వైపు చూశాడు, బాగానే తిరుగుతోంది.

"సరే మరదలా, వస్తాను. మరోదాలో పనున్నాది," అన్నాడు.

"అరటికాయ ఆవపెట్టినాను బావా."

"వాసన తెలుస్తన్నాది. మళ్ళీ వస్తాను," అని గ్లాసుడు నీళ్ళు తాగి స్కూటర్ ఎక్కాడు. ఆదివారం పూట మరోదాలో ఆయనకి ఏం పనుంటుంది?

మా ఆవిడ ఆ కూర నాకు వడ్డించలేదు. గిన్నె మూసి పెట్టేసింది. నేను వారం రోజులూ ఎంత మెత్తగా మాట్లాడినా రెండు ముక్కల్లో జవాబిచ్చింది. శనివారం సాయంత్రం నేను కాఫీ కోసం వంటింట్లోకి వెళ్తే రబ్బరు షీటు చుట్టబెట్టి మూల పారేసి ఉంది. ఆమె నిమ్మకాయ కోస్తోంది.

"షర్బతా?" అన్నాను ఆశగా.

"అవును."

"నాకేనా?"

"రాయికి," అని సగం చెక్క దాని మీద పిండింది.

మర్నాడు ఆయన వచ్చాడు. మచ్చ చూశాడు. "ఏటి మరదలా ఇది, చూసుకోవద్దా?" అని కసిరాడు. చొక్కా చేతులు మడిచాడు. ఎంత ఉత్సాహంగా రుద్దాడో! గంటసేపు రుద్ది, చేతులు కడుక్కుని, పళ్ళెం ముందు కూర్చుని అరటికాయ కూర రెండోసారి అడిగి వేయించుకున్నాడు. మా ఆవిడ వడ్డిస్తూ నా వైపు చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకు పాఠం చెప్పాల్సిన అవసరం లేదని ఆమెకి అనిపించిన రోజు అదొక్కటే.

అప్పటి నుంచి శనివారం నిమ్మకాయ, ఆదివారం సాన. నేనూ నా వంతు సాయం చేశాను. మచ్చ ప్రతివారం ఒకేచోట పడితే అనుమానం వస్తుందని, ఈ వారం ఎడమ మూల, పై వారం మధ్యలో అని ప్లాను వేసేవాణ్ణి. ఇంజినీరింగ్ ఉంది కదా మరి.

ఇలా ఎన్నాళ్ళో నడిచింది. ఆయన నడక తగ్గింది, స్కూటర్ మానేసి ఆటోలో వస్తున్నాడు. రుద్దేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు. అయినా ఆ గంటా ఆయన ముఖం వేరుగా ఉండేది. క్రషర్ కబుర్లు, వదినగారి కబుర్లు, మా అత్తగారి గారెల కబుర్లు అన్నీ ఆ రాయి ముందే వచ్చేవి. గారెలు ఎప్పుడూ నాకే ఎక్కువ పడ్డాయట. ఆయన లెక్కలో అలా ఉంది, నా లెక్క తిరగేసి ఉంది.

మొన్న వేసవిలో ఒక ఆదివారం, మా ఆవిడ పెరట్లో ఉన్నప్పుడు, రుద్దుతూ రుద్దుతూ ఆగి నన్ను దగ్గరికి రమ్మన్నాడు. గొంతు తగ్గించాడు.

"తమ్ముడూ, మరదలికి సెప్పు. నిమ్మకాయలు పాడు చెయ్యొద్దని."

ఏం నిమ్మకాయలన్నయ్యా అన్నాను. అబద్ధం ఆడటం కూడా కొలతలాగే వచ్చు నాకు.

"నిమ్మరసం పైపైనే ఉంటాది. తొందరగా పోతాది," అన్నాడు. "చింతపండు పులుసు పోసి ఉంచమను. బాగా దిగుతాది. ఎక్కువసేపు పనుంటాది."

అనేసి మళ్ళీ రుద్దుకోవడంలో పడ్డాడు. నేను పెరట్లోకి వెళ్ళి మా ఆవిడకి ఆ మాట చెప్పాను. ఆమె బట్టలారేస్తున్నదల్లా తడిచీర పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

వానాకాలంలో ఒక ఆదివారం ఆటో రాలేదు. వానకి ఆగాడేమో అనుకున్నాం. ఫోను తీయలేదు. నేను మరోదా వెళ్ళేసరికి పక్కింటివాళ్ళు తలుపు తెరిపించి ఉన్నారు. తెల్లారగట్ల నిద్రలోనే పోయాడన్నారు. కుర్చీ మీద ఇస్త్రీ చొక్కా తయారుగా ఉంది.

ముందురోజు సాయంత్రం పోసిన చింతపండు మచ్చ రాయి మధ్యలో అలాగే ఉండిపోయింది. తరువాత మా ఆవిడ ఆ వైపు చెంచా కూడా పెట్టేది కాదు. వంట చేస్తూ చేస్తూ దాన్ని చూసి ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. చూడలేకపోయాను. అందుకే, ఎప్పటిదో ఆ ఒకే రాయి కోరిక ఇప్పటికైనా తీరుద్దామని, ఈ పాత గట్టు తీయించేద్దామని ఈ అమ్మాయిని పిలిపించింది నేనే. ఆమెని అడగలేదు. అడక్కుండా కొలతలు తీయించడం నాకు అలవాటే.

ఆ అమ్మాయి పరికరం సంచిలో పెట్టుకుని, గట్టు మూల ఒకటి చేత్తో కొలవాలి, టేపు ఒక చివర పట్టుకోమని నన్నడిగింది.

"ఆయనకి ఇవ్వకమ్మా టేపు!" అని మా ఆవిడ ముందు గదిలోంచి కేకేసింది. లోపలికి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "కింద అరలకి తలుపులు మార్చు బేటా. గట్టు ముట్టుకోవద్దు," అంది.

"ఆంటీ, ఒకే స్లాబ్ వేస్తాం, నో జాయింట్," అంది ఆ పిల్ల.

"వద్దులే. అలవాటైపోనాది."

మొన్న ఆదివారం నేను సింకు కింద నుంచి కొబ్బరినూనె డబ్బా తీశాను. లుంగీ ఎగగట్టి, నీళ్ళు చల్లి, గరుకు రాయితో మొదలుపెట్టాను. ఆయన గంటలో చేసే పని నాకు పూట పట్టింది. భుజం లాగేసింది. మచ్చతో పాటు అటూ ఇటూ నాలుగు గీతలు కూడా పెట్టాను. చివరికి పోయింది. ఆయన కోసం పోసిన ఆఖరి మచ్చ నా చేత్తోనే పోయిందని అప్పుడు తోచి, రాయిని పట్టుకుని కాసేపు ఏడ్చాను. తరువాత వేలి కణుపుతో తట్టి చూశాను. పలికిందో లేదో నాకు తెలియలేదు. మా ఆవిడ వచ్చి రాయి మీద చేయి వేసి నిమిరింది. పళ్ళెం పెట్టి అరటికాయ ఆవపెట్టిన కూర వడ్డించింది.

నిన్న శనివారం. సాయంత్రం వంటింట్లోకి వెళ్తే గిన్నెలో చింతపండు నానుతోంది.

"రేపు పులుసా?" అన్నాను.

"పులుసు లేదు," అంది. చింతపండు పిసికి, గుజ్జు తీసి, ఆ రాయి మీద నెమ్మదిగా పోసింది. రాయి బుసబుసమంది.

"ఎవరొస్తారని?"

"ఎవరూ రారు," అంది మా ఆవిడ. "ఇది మీకు."

నేను వంగి, సింకు కింద సానరాళ్ళ డబ్బా ఉందో లేదో చూసుకున్నాను.